పాత గోవాలో మూడు రోజులు: సున్నం కప్పుకున్న గుడులు, సున్నం పోయిన గుడి

పాత గోవాకు వెళ్లినవాళ్లలో చాలామంది గంటన్నరలో తిరిగొచ్చేస్తారు. టూరిస్టు బస్సు రోడ్డు మీద ఆగుతుంది. ఇటు ఎర్రటి బొం జీసస్ బసిలికా, అటు తెల్లటి సే కతీడ్రల్, రెండూ పోర్చుగీసు కాలపు క్రైస్తవ గుడులు. నాలుగు ఫొటోలు తీసుకుని మళ్లీ బస్సెక్కుతారు. కళ్లెదుటే ఉన్న ప్రశ్న మాత్రం అక్కడే మిగిలిపోతుంది: ఇటు గుడి ఎరుపు, అటు గుడి తెలుపు ఎందుకయ్యాయి? రెండింటినీ కట్టింది ఒకే రాయితో. దీనికి జవాబు ఏ ఒక్క గుడిలోనూ పూర్తిగా దొరకదు. అన్నీ వరసగా చూడాలి, అందుకు మూడు రోజులు పడుతుంది.

సికింద్రాబాద్ నుంచి వాస్కో-డ-గామా రైలు, విజయవాడ, గుంటూరు వైపు నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్ గుంతకల్లు, హుబ్బళ్లి మీదుగా వెళ్తాయి. వాస్కో దాకా వెళ్లకుండా మడ్గావ్‌లో దిగడం మేలు. అక్కడి నుంచి పణజికి కదంబ (గోవా ప్రభుత్వ) బస్సులుంటాయి. పణజి నుంచి పాత గోవా 10 కిలోమీటర్లు. కొంకణ్ రైల్వేలో వచ్చేవాళ్లకు కర్మలీ స్టేషన్ ఇంకా దగ్గర. పణజిలో బస చేసి రోజూ ఉదయం బస్సులో వెళ్లి రావడం తేలిక, ఎందుకంటే చీకటి పడ్డాక పాత గోవాలో మనుషులు పెద్దగా కనిపించరు. దారిలో రిబందర్ దాకా నీళ్ల మధ్యగా సాగే గట్టు మీద 1633-34లో కట్టిన లిన్యారెస్ వంతెన దాటుతారు. 3 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే దాని పాతరాయి కనిపిస్తుంది.

బయల్దేరే ముందు ఆ రాయి గురించి రెండు మాటలు. అది లేటరైట్. మన జహీరాబాద్, వికారాబాద్ వైపు కనిపించే ఎర్రరాయే. భూమిలో ఉన్నప్పుడు గొడ్డలితో చెక్కేంత మెత్తగా ఉంటుంది, గాలి తగిలాక అందులోని ఇనుము గట్టిపడుతుంది. దిమ్మెలుగా కోసుకోవడం సులువు, పైగా గోవాలో కాలి కిందే దొరుకుతుంది. కానీ అది తేనెపట్టులా చిల్లులున్న రాయి. చిల్లుల్లో మెత్తటి తెల్లబంక ఉంటుంది. వాన నేరుగా కొడితే ముందు ఆ బంక కొట్టుకుపోతుంది, తర్వాత చిల్లులు పెద్దవవుతాయి, ఆ తర్వాత దిమ్మె అంచులు రాలిపోతాయి. గోవాలో ఏడాదికి కురిసే సుమారు 3000 మిల్లీమీటర్ల వానలో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపలే పడుతుంది. అందుకే అక్కడ కట్టినవాళ్లు లేటరైట్ గోడను ఎప్పుడూ నగ్నంగా వదల్లేదు. సున్నపు గార పూసి, ఏటేటా పైన వెల్ల వేశారు.

మొదటి రోజు: సే కతీడ్రల్ నుంచి వైస్రాయ్ తోరణం దాకా

ఉదయాన్నే సే కతీడ్రల్‌తో మొదలుపెట్టాలి. దాని ముఖం తూర్పుకు ఉంది కాబట్టి 10 గంటల లోపు ఎండ సూటిగా పడుతుంది, సాయంత్రం వస్తే ముందుగోడంతా నీడే. పునీత కతెరీనాకు అంకితమైన ఈ గుడికి ఆ పేరు రావడానికి కారణం ఒక తేదీ. 1510 నవంబర్ 25న, ఆ పునీతురాలి పండుగనాడు, పోర్చుగీసు సేనాని అఫోన్సో ద అల్బుకర్క్ బీజాపూర్ ఆదిల్ షాహీల నుంచి ఈ నగరాన్ని గెలుచుకున్నాడు. 1534లో ఇక్కడ మేత్రాసనం, అంటే బిషప్ పీఠం, ఏర్పడింది, 1557లో అది అగ్రమేత్రాసనమైంది (ఆర్చ్‌బిషప్ పీఠం). ఆ హోదాకు తగ్గ గుడి కోసం 1562లో పని మొదలుపెట్టారు. కట్టడం 1619కి ముగిసింది, బలిపీఠాలు పూర్తయ్యేసరికి 1652 అయింది. తొంభై ఏళ్ల పని.

పొడవు 76 మీటర్లు, వెడల్పు 55 మీటర్లు, ముందుగోడ ఎత్తు 35 మీటర్లు. ఎదురుగా నిలబడితే ఏదో వెలితి తెలుస్తుంది. ఎడమవైపు గంటగోపురం ఉంది, కుడివైపు లేదు. రెండోది 1776లో కూలిపోయింది, మళ్లీ కట్టలేదు. అప్పటికే నగరం ఖాళీ అవుతోంది. కలరా, మలేరియా దెబ్బకు జనం చెదిరిపోయారు, 1759లో వైస్రాయ్ కూడా పణజికి మకాం మార్చాడు. కూలిన గోపురాన్ని నిలబెట్టే ఓపిక, డబ్బు ఎవరికీ లేవు. మిగిలిన గోపురంలో ‘బంగారు గంట’ ఉంది. దాని పేరు లోహాన్ని బట్టి కాక మోతను బట్టి వచ్చింది. 1560లో మొదలై 1812 దాకా, మధ్యలో నాలుగేళ్ల విరామంతో, గోవాలో నడిచిన మతవిచారణ న్యాయస్థానం (ఇన్‌క్విజిషన్) బహిరంగంగా శిక్షలు ప్రకటించే రోజుల్లో ఈ గంటనే మోగించేవారు. ఆ న్యాయస్థానం భవనం ఈ గుడి పక్క మైదానంలోనే ఉండేది, ఇప్పుడు ఆనవాలు కూడా లేదు. ఆ సంగతి తెలిసి ఆ గడ్డి మీద నడవడం వేరు.

లోపలికి వెళ్లగానే కుడిచేతి వైపు జ్ఞానస్నానపు తొట్టి కనిపిస్తుంది. 1532 నాటిది, అంటే ఈ గుడికంటే పాతది. ఫ్రాన్సిస్ శౌరి (జేవియర్) ఇందులోనే జ్ఞానస్నానాలిచ్చాడని చెబుతారు. బయటి నిర్మాణం టస్కన్ పద్ధతిలో సాదాగా ఉంటుంది. లోపల స్తంభాలు కొరింథియన్ పద్ధతివి, అంటే తల దగ్గర ఆకుల చెక్కడం ఉన్నవి, పైన పెద్ద కమాను కప్పు. ప్రధాన పీఠం మీద బంగారు పూతతో చెక్కిన పలకల్లో కతెరీనా జీవితం ఉంది. పలకలను కింది నుంచి పైకి కాకుండా ఒక్కొక్కటిగా, కొంచెం దూరం నుంచి చూడాలి. మరీ దగ్గరికెళితే పై వరస కనిపించదు. ఈ గుడి గోడలను జాగ్రత్తగా చూసి గుర్తుపెట్టుకోండి. వెల్ల, గార, దాని కింద లేటరైట్. రేపటికి పనికొస్తుంది.

కతీడ్రల్‌కు పడమట, అదే ఆవరణలో పునీత ఫ్రాన్సిస్ అస్సీసి గుడి ఉంది. ఫ్రాన్సిస్కన్ సన్యాసులు 1517లో చిన్న చాపెల్ కట్టారు, తర్వాతి గుడిని 1661లో పడగొట్టి మళ్లీ కట్టారు. కట్టినవాళ్లు ఒక మంచి పని చేశారు: పాత గుడి ద్వారాన్ని పారేయకుండా కొత్త ముందుగోడలో పొదిగారు. చుట్టూ సాదా తెల్లగోడ, మధ్యలో నల్లరాతి మీద పోర్చుగీసు మాన్యుయెల్ రాజు కాలపు చెక్కడం. గోవాలో ఆ శైలి మిగిలిన చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నేలంతా సమాధి రాళ్లు పరిచి ఉన్నాయి, వాటి మీద వంశచిహ్నాలున్నాయి. తల దించుకుని నడవండి. పక్కనున్న మఠంలో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, శుక్రవారం సెలవు. మూడు రోజుల్లో శుక్రవారం పడితే ఈ మొదటి రోజున పడకుండా చూసుకోవాలి. దగ్గర్లోని కతెరీనా చాపెల్‌కు ఐదు నిమిషాలు చాలు. 1510లో అల్బుకర్క్ కట్టించినదాన్ని 1550లో పెద్దది చేశారు, ఇప్పుడున్న రూపం 1952 నాటి పునర్నిర్మాణం.

మధ్యాహ్నం నది వైపు నడవండి. దారిలో కాయేతాన్ గుడి వస్తుంది. తెలుగువాళ్లు ఇక్కడ కాసేపు ఎక్కువ ఆగాలి. ఇది థియాటైన్ సభ గురువులు కట్టినది. పోపు ఎనిమిదవ అర్బన్ వాళ్లను ఇటలీ నుంచి పంపింది గోవాకు కాదు, గోల్కొండకు. అక్కడ పని సాగనివ్వకపోవడంతో 1640లో గోవాలో స్థిరపడ్డారు. గోల్కొండలో వాళ్లు నిలదొక్కుకుని ఉంటే ఈ గుమ్మటం మూసీ ఒడ్డున ఉండేదేమో. 1650ల్లో మొదలుపెట్టి 1661కి ముగించిన ఈ గుడికి రోమ్‌లోని పునీత పేతురు బసిలికాయే నమూనా. లోపలి ప్లాను సమాన చేతుల శిలువ ఆకారం, నడిమధ్య పైన గుమ్మటం, దాని సరిగ్గా కింద నేల మీద చదరపు అరుగు. ఆ అరుగు కింద బావి ఉంది, మూత వేసేశారు. గుమ్మటం కింద నిలబడి మెల్లగా మాట్లాడితే గొంతు పైకెళ్లి తిరిగొస్తుంది. గుమ్మటం ఎంత గుండ్రంగా కుదిరిందో చెవికే తెలుస్తుంది.

గుడి బయట నల్లరాతి స్తంభాల ద్వారబంధం ఒకటి ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఆదిల్ షా కోటలో మిగిలింది అంతే. అక్కడి నుంచి రేవు వైపు వెళ్తే వైస్రాయ్ తోరణం. వాస్కో డ గామా వచ్చి నూరేళ్లయిన గుర్తుగా అతని మునిమనవడు, అప్పటి వైస్రాయ్ ఫ్రాన్సిస్కో డ గామా 1590ల చివర్లో కట్టించాడు. ఇది కూడా కూలిపోతే 1954లో మళ్లీ కట్టారు. తోరణం దాటితే దివార్ దీవికి వెళ్లే ఫెర్రీ ఉంది, నడిచి ఎక్కేవాళ్లకు టికెట్ లేదు. సాయంత్రం ఒకసారి అటు వెళ్లి తిరిగొస్తే నది మధ్య నుంచి నగరం కనిపిస్తుంది: కొబ్బరిచెట్ల పైన తెల్లటి గోపురాలు. లిస్బన్ నుంచి వచ్చిన ఓడలవాళ్లకు మొదట కనిపించింది ఆ తెలుపే.

రెండో రోజు: బొం జీసస్ బసిలికా

ఈ రోజంతా ఒక్క గుడికే. మామూలు రోజుల్లో సందర్శకులను ఉదయం 9 నుంచి సాయంత్రం 6.30 దాకా అనుమతిస్తారు, ఆదివారం పూజల తర్వాత 10.30కి. టికెట్ లేదు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. గుడి ఫొటోలు తీసుకోవచ్చు గానీ లోపల మనుషులు నిలబడి దిగకూడదు, కాపలావాళ్లు వెంటనే ఆపుతారు. శని, ఆదివారాల్లో 11 దాటితే తోపులాటే. నవంబర్ 24 నుంచి నవదిన ప్రార్థనలు, డిసెంబర్ 3న ఫ్రాన్సిస్ శౌరి పండుగ. ఆ పది రోజులు భక్తికి వెళ్లేవాళ్లకు మంచివి, కట్టడం చూసేవాళ్లకు కావు.

యేసు సభ (జెస్యూట్) గురువులు 1594 నవంబర్ 24న పునాది వేశారు. 1605 మే 15న అగ్రపీఠాధిపతి అలెయిషో ద మెనెజెస్ ప్రతిష్ఠించాడు. పదిన్నరేళ్లలో పూర్తయింది. సే కతీడ్రల్‌తో పోలిస్తే ఇది చిన్నది, పొడవు 56 మీటర్లు, వెడల్పు 17. పక్క నడవలు లేవు, ఒకటే హాలు. ప్రసంగం అందరికీ వినబడాలి, పీఠం అందరికీ కనబడాలి. ఆ కాలపు యేసు సభ గుడులన్నింటి లెక్కా ఇదే. పోర్చుగీసు భాషలో బొం జీసస్ అంటే మంచి యేసు. ఆ పేరుతో పూజించేది బాలయేసునే, మన ఫిరంగిపురం గుడిలో లాగా. 1946లో దీనికి బసిలికా హోదా వచ్చింది.

మొదట లోపలికి వెళ్లండి. ముఖం పడమటికి ఉంది కాబట్టి బయటి గోడ మధ్యాహ్నం 3 తర్వాతే బాగుంటుంది. తలుపు దాటగానే పైన గాయకుల మాళిగను మోసే రెండు స్తంభాలుంటాయి. వాటి మీదున్న శాసనాల్లో కట్టిన తేదీలు ఒకదాని మీద పోర్చుగీసులో, ఇంకోదాని మీద లాటిన్‌లో ఉన్నాయి. ఉత్తరపు గోడకు కొచ్చిన్ కెప్టెన్ జెరోనిమో మస్కరేన్యాస్ స్మారకం ఉంది. 1593లో చనిపోయిన ఇతను వదిలిన సొమ్ముతోనే గుడి లేచింది. ఎదురుగా బంగారు పూత పీఠం. కింద బాలయేసు చిన్న విగ్రహం, దాని పైన చాలా పెద్దగా యేసు సభ స్థాపకుడు లొయోలా ఇగ్నేషియస్. ఆయన చూపు పైకి, సూర్యుడిలాంటి వృత్తంలో ఉన్న ఐ.హెచ్.ఎస్. అక్షరాల వైపు తిరిగి ఉంటుంది. గ్రీకులో యేసు పేరులోని మొదటి మూడు అక్షరాలవి, సభ చిహ్నం. ఆయన చూపును అనుసరించి మన చూపు కూడా పైకెళ్లేలా పీఠాన్ని అమర్చారు, అన్నిటి పైన త్రిత్వం ఉంది.

పీఠానికి కుడివైపు చాపెల్‌లో ఫ్రాన్సిస్ శౌరి సమాధి. తెలుగు కతోలిక కుటుంబాల్లో శౌరి, శౌరయ్య, శౌరమ్మ అన్న పేర్లు ఈయనవే, జేవియర్ మన నోట శౌరి అయ్యాడు. 1542 మేలో గోవాలో దిగాడు. పదేళ్ల తర్వాత, 1552 డిసెంబర్ 3న చైనా తీరంలోని శాంగ్‌చువాన్ దీవిలో చనిపోయాడు. భౌతికకాయాన్ని మలక్కా మీదుగా 1554 మార్చిలో గోవాకు తెచ్చారు. 1622లో పునీతుడిగా ప్రకటించారు, రెండేళ్లకు ఈ గుడికి మార్చారు. కుడి ముంజేతిని అంతకుముందే, 1614లో, రోమ్‌కు పంపారు.

సమాధిని మూడు భాగాలుగా చూడాలి. పైనున్న వెండి పేటిక 1636-37లో గోవా వెండి పనివాళ్లు చేసింది. దాని చుట్టూ 32 పలకల్లో శౌరి జీవితం ఉంది. కిందున్న పాలరాతి పీఠం టస్కనీ గ్రాండ్ డ్యూక్ మూడవ కోసిమో ద మెదిచి కానుక. శౌరి తల కింద ఉండిన దిండును ఆయనకు పంపితే ప్రతిగా ఇది వచ్చింది. ఫ్లోరెన్స్ శిల్పి జొవాన్ని బతిస్తా ఫొజ్జీని పదేళ్లు పనిచేశాడు, విడిభాగాలుగా ఓడలో వచ్చిన దాన్ని 1698లో ఇక్కడ నిలబెట్టారు. మూడో భాగం, రాతి మధ్యలో నాలుగు వైపులా పొదిగిన కంచు పలకలు. పేటిక చాలా ఎత్తులో ఉంటుంది. కిందనుంచి మామూలు కంటికి వెండి మెరుపు తప్ప ఏమీ తెలియదు. చిన్న బైనాక్యులర్ తీసుకెళ్లండి, మూడు రోజుల సామానులో దానికంటే పనికొచ్చే వస్తువు లేదు. దేహాన్ని దగ్గరగా చూడాలనుకునేవాళ్లు మాత్రం ఆగాలి. పదేళ్లకోసారి పేటికను దించి సే కతీడ్రల్‌కు తీసుకెళ్తారు. ఆ దర్శనం 2024 నవంబర్ 21 నుంచి 2025 జనవరి 5 దాకా జరిగింది.

ఇప్పుడు బయటికి. ముందుగోడ సుమారు 24 మీటర్ల ఎత్తు. కింది వరసలో మూడు తలుపులు, పైన మూడు పెద్ద కిటికీలు, ఆ పైన మూడు గుండ్రటి కిటికీలు, కొసన దేవదూతల మధ్య మళ్లీ ఐ.హెచ్.ఎస్. లేటరైట్‌లో సన్నని చెక్కడం నిలవదు, ఉలి తగిలితే చిల్లుల దగ్గర పొడి అవుతుంది. అందుకని ఈ చెక్కడాలకు ముంబైకి ఉత్తరాన ఉన్న వసాయి నుంచి నల్ల బసాల్ట్‌ను సముద్రం మీద తెప్పించారు. ముందుగోడకు ఇరువైపులా గోపురాలు లేవు, గంటగోపురం వెనక ఉంది. ఉత్తరం వైపుకు వెళ్తే గోడను ఆనుకుని ఏటవాలు ఊతగోడలు కనిపిస్తాయి. 1862లో చేర్చినవి, గోడ బయటికి ఒరుగుతుందన్న భయంతో.

అక్కడే ఆగి గోడను దగ్గరగా చూడండి, చేయి మాత్రం పెట్టకండి. దిమ్మెల ముఖం మీద గుంటలు, అంచులు అరిగి గుండ్రమైన రాళ్లు, వాన జారిన దారిలో నల్లటి పాచి చారలు. ఇది 400 ఏళ్ల అరుగుదల కాదు. 19వ శతాబ్దపు ఫొటోల్లో ఈ గుడి సే కతీడ్రల్‌లాగే తెల్లగా ఉంది. 1950ల తొలినాళ్లలో, శౌరి మరణించి 400 ఏళ్లయిన ఉత్సవాల సమయంలో, పోర్చుగీసు ప్రభుత్వం తరఫున వచ్చిన వాస్తుశిల్పి బాల్తజార్ కాస్త్రో గారను పూర్తిగా చెక్కించేశాడు. రాయి బయటపడితే ప్రాచీనంగా, గంభీరంగా కనిపిస్తుందన్నది ఆలోచన. అలాగే కనిపిస్తోంది కూడా. పోస్టుకార్డుల మీద, క్యాలెండర్ల మీద గోవా అంటే ఇప్పుడు ఈ ఎరుపే. మూడున్నర శతాబ్దాలు గార కింద భద్రంగా ఉన్న రాయి 70 వానాకాలాలుగా నేరుగా తడుస్తోంది.

2020లో బసిలికా రెక్టర్ (గుడి బాధ్యుడైన గురువు) బహిరంగంగానే హెచ్చరించారు, గార మళ్లీ వేయాలని. ఇది పురావస్తు శాఖ రక్షిత కట్టడం, 1986 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలోనూ ఉంది. ఒక్క తాపీ పెట్టాలన్నా అనుమతి కావాలి. ఎరుపే గుర్తింపు అయిపోయింది, మార్చొద్దు అనేవాళ్లూ ఉన్నారు. కానీ కట్టినవాళ్ల ఉద్దేశం గోడ మీదే రాసి ఉంది. వసాయి నుంచి అంత దూరం నల్లరాయి మోసుకొచ్చింది ఎర్రగోడలో కలిసిపోవడానికి కాదు. తెల్లటి గార పక్కన నల్లటి గీతలా తేలడానికి. ఇప్పుడు కాస్త దూరం నుంచి చూస్తే ఆ చెక్కడాలు ఎరుపులో మునిగిపోతున్నాయి. గార వేయాలి, అదీ సున్నపు గారే వేయాలి. సిమెంటు పూస్తే లోపలికి చేరిన తడి బయటికి రాదు. ఆ తడిలోని ఉప్పు రాతిలోనే గడ్డకట్టి ముఖాన్ని పెళ్లలుగా ఊడదీస్తుంది. సున్నం తడిని పీల్చి వదులుతుంది. దెబ్బతింటే తానే ముందు రాలుతుంది, రాయి మిగులుతుంది. వదులైన రాళ్లు సరిచేసి, పాచి కడిగి, గోడ బాగా ఆరాక పలచటి పూతలుగా వేయాలి. ఒక్కో పూతను కొన్నాళ్లు తేమగా ఉంచాలి, ఎందుకంటే సున్నం గాలి పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది. వానలు వెనక్కి తగ్గిన అక్టోబర్‌లో మొదలుపెట్టి మే లోపు ముగిస్తేనే నిలుస్తుంది.

మూడో రోజు: పవిత్ర గుట్ట, తర్వాత పణజి

బసిలికాకు పడమరగా ఎత్తు మీద మోంతె సాంతో. పది నిమిషాల నడక, నీడ తక్కువ, 11 లోపు ముగించుకోవాలి. దుకాణాలు లేవు, నీళ్లు కిందే కొనుక్కోండి.

ముందు పునీత అగుస్తీను గుడి శిథిలాలు. 1602కి పూర్తయిన ఈ గుడికి 46 మీటర్ల గోపురాలుండేవి. 1835లో పోర్చుగీసు ప్రభుత్వం సన్యాస సభలను రద్దు చేసింది, మఠం ఖాళీ అయింది. కప్పు మీద ఎవరూ ఎక్కి చూడలేదు, ఎవరూ వెల్ల వేయలేదు. 1842లో కమాను కప్పు కూలింది, అంటే వదిలేసిన ఏడేళ్లకే. 1931లో ముందుగోడ, గోపురంలో సగం పడిపోయాయి, 1938లో మరికొన్ని భాగాలు. ఇప్పుడు మిగిలింది నిలువునా చీలిన ఎర్రటి గోపురం ముక్క. లేటరైట్‌ను చూసేవాళ్లు లేకపోతే ఏ వరసలో పోతుందో చెప్పే పాఠం ఇది: ముందు కప్పు, తర్వాత పెద్ద గోడ, గోపురం. నేల మీద సమాధి రాళ్లు, చాపెల్ గోడలకు అక్కడక్కడా రంగు పలకలు మిగిలాయి.

ఈ శిథిలాల్లోంచే హైదరాబాద్‌కు ఒక ఎముక వచ్చింది. జార్జియా రాణి కెతెవాన్‌ను 1624లో షిరాజ్‌లో, మతం మారనందుకు, పర్షియా షా చిత్రహింసలు పెట్టి చంపించాడు. అగుస్తీను సభ గురువులు ఆమె అవశేషాలను కొన్నింటిని 1627లో గోవాకు తెచ్చారు. చాప్టర్ చాపెల్‌లో ఒక కిటికీ దగ్గర రాతిపెట్టెలో ఉంచారని పోర్చుగీసు రాతల్లో ఉంది. పురావస్తు శాఖ వాళ్లు 2000 దశకం మధ్యలో అక్కడే తవ్వి ఎముకలు తీశారు. తార్నాక దగ్గరి సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో వాటి డీఎన్‌ఏ పరీక్షిస్తే ఒక నమూనాలో తల్లి వైపు వంశక్రమం యు1బి అని తేలింది, భారతీయుల్లో కనిపించనిది, జార్జియాలో ఉన్నది. మిగతా రెండు నమూనాలు దక్షిణాసియా వంశక్రమానివే. 2021 జూలైలో భారత ప్రభుత్వం ఆ అవశేషంలో ఒక భాగాన్ని జార్జియాకు అప్పగించింది. ఆ చాపెల్ ఎక్కడో కాపలావాళ్లను అడిగితే చూపిస్తారు, బోర్డు ఒక్కదాన్నే నమ్ముకుంటే దాటిపోతారు.

గుట్ట అంచున జపమాల మాత గుడి 1540ల నాటిది, నగరంలో మిగిలిన అతి పాత గుడుల్లో ఒకటి. కోటలాగా మొద్దుగా ఉంటుంది, గుండ్రటి బురుజులు, చుట్టూ తాడు పేనినట్టు చెక్కడం. 1510లో అల్బుకర్క్ ఈ గుట్ట మీద నుంచే యుద్ధం చూశాడంటారు. లోపల గవర్నర్ గార్సియా ద సా భార్య దోనా కతరీనా సమాధి రాయి ఉంది, దాని నగిషీ గుజరాతీ పనివాళ్లదిలా కనిపిస్తుంది. తలుపు ఒక్కోసారి మూసి ఉంటుంది, అప్పుడు బయటి చెక్కడం, మాండవి నది చూసుకుని దిగిపోవడమే.

మధ్యాహ్నం బస్సులో పణజికి వచ్చి నిష్కళంక మాత గుడికి వెళ్లండి, అటూ ఇటూ మలుపు తిరిగే మెట్ల పైన ఉంటుంది. 1619లో మళ్లీ కట్టిన గుడి ఇది. క్రమం తప్పకుండా వెల్ల వేస్తారు కాబట్టి ఎండలో కళ్లు చెదిరేంత తెల్లగా ఉంటుంది. నడిమధ్య గోపురంలో ఉన్న పెద్ద గంట అగుస్తీను గుడిది. మఠం పాడుబడ్డాక అక్కడి నుంచి దించి, కొన్నాళ్లు అగ్వాద దీపస్తంభం దగ్గర ఉంచి, 1871లో ఇక్కడ కట్టారు. గోవాలో సే కతీడ్రల్ బంగారు గంట తర్వాత పెద్దది ఇదే. సాయంత్రం ప్రార్థనకు ముందే మెట్ల కింద ఉండండి. పొద్దున చూసిన చీలిన గోపురం గంట మోగుతుంది.